చిట్టాయా, దస్తావేజా, గెజిటీరా? తాతల నాటి బతుకును ఏ కాగితంలో వెతకాలి

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు తెలుగు కుటుంబాల్లో పాత సంగతుల మీద ఆసక్తి కలిగినవాళ్ళు మామూలుగా మొదట పట్టుకునేది జిల్లా మాన్యువల్. అయితే 1882లో వచ్చిన మాల్ట్‌బీ గంజాం మాన్యువల్, లేకపోతే 1907 నాటి ఫ్రాన్సిస్ విశాఖపట్నం గెజిటీర్. అచ్చులో ఉన్నాయి, చదవడం సులువు, అన్నీ ఒకేచోట దొరుకుతాయి. మా సలహా మాత్రం వాటిని ఆఖరున చదవమని. కలెక్టరు కచేరీకి పనికొచ్చేవే అందులో చేరాయి: శిస్తు ఎంత, రోడ్డు ఎక్కడిదాకా, ఏ కులం ఎంతమంది. ఆషాఢమాసంలో ఇంట్లో ఏం వండుకున్నారో, కూతురి పెళ్ళికి అప్పు ఎవరిచ్చారో కలెక్టరుకు అక్కర్లేదు, కాబట్టి లేదు.

ఇక్కడ 1860ల నుంచి 1936 దాకా ఉన్న కాలాన్నే తీసుకుంటున్నాం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రమయ్యేదాకా ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలోది. ఇప్పటి గంజాం, గజపతి జిల్లాలు అప్పటి గంజాం జిల్లాలోవి. ఇప్పటి కొరాపుట్, రాయగడ వైపంతా అప్పటి విశాఖపట్నం జిల్లా, జయపురం జమీందారీ. రాయగడ మనిషి 1930 నాటి కాగితం మీద విశాఖపట్నం జిల్లా అని ఉంటే అది పొరపాటు కాదు. గజపతి, రాయగడ జిల్లాలు పుట్టిందే 1992లో.

కాగితం ఎంచుకునేముందు ఒక్క ప్రశ్న వేసుకోవాలి: ఇది తప్పుగా రాస్తే రాసినవాడికి ఏం నష్టం? అప్పు పద్దు తప్పు రాసిన షావుకారు డబ్బు పోగొట్టుకుంటాడు. పంట లెక్క తప్పు రాసిన కరణానికి సాధారణంగా ఏమీ కాదు. యాత్ర రాసుకున్నవాడికి తను చూడనిది రాయకపోయినా నష్టం లేదు. ఏ కాగితాన్ని ఏ విషయంలో నమ్మాలో ఈ ప్రశ్నకు వచ్చే జవాబే చెబుతుంది. పాతది కదా అని, తాళపత్రం కదా అని ఎక్కువ విలువ ఇవ్వొద్దు.

ఇంటి లెక్క, కొట్టు చిట్టా

ఏం తిన్నారు, ఏం కట్టారు, ఎవరికి ఎంత కూలి ఇచ్చారు అన్నవే మీ ప్రశ్నలైతే వీటిని మించింది లేదు. పాత వ్యాపార కుటుంబాల్లో మూడు రకాల పుస్తకాలు కనిపిస్తాయి. రోజువారీ రాసేది చిట్టా. నగదు రాకపోకలకు రోకడ. మనిషి పేరునబట్టి పద్దులు మళ్ళీ ఎత్తి రాసేది ఆవర్జా. రోజువారీ బతుకు కోసమైతే చిట్టానే తీసుకోండి. ఆవర్జాలోకి ఎక్కేసరికి "సామాను బాబతు రూ. 2-6-0" అని ఒక్క ముక్కగా మిగిలేది, చిట్టాలో చింతపండు, నువ్వుల నూనె, ఉప్పు, పొగాకు అని విడివిడిగా ఉంటుంది. మరో మాట, తాలూకా కచేరీలో చిట్టా అంటే రైతువారీ శిస్తు లెక్క. రికార్డు గదిలో అడిగేటప్పుడు ఏది కావాలో వివరంగా చెప్పాలి.

చదవడంలో మొదటి చిక్కు భిన్నాలు. పాత తెలుగు లెక్కల్లో రూపాయల అంకె పక్కన నిలువు గీతలుంటే అవి పావులు, అడ్డగీతలుంటే వీసాలు. వీసం అంటే పదహారో వంతు. అంటే రూపాయి లెక్కలో నిలువు గీత పావలా, అడ్డగీత అణా. రెండు నిలువు, మూడు అడ్డగీతలు కనిపిస్తే పదకొండు అణాలు. వాటిని ఒకట్లుగా చదివితే మొత్తం కూడిక తిరగబడుతుంది. ఇంగ్లీషు పద్ధతిలో 3-4-6 అని రాస్తే 3 రూపాయల 4 అణాల 6 పైసలు, అణాకు 12 పైసల లెక్కన. ఇప్పటి లెక్కలో దగ్గర దగ్గర 3 రూపాయల 28 పైసలు, 346 కాదు.

రెండో చిక్కు ఇంతకన్నా పెద్దది, తూకాలది. మద్రాసు మణుగు దగ్గర దగ్గర 25 పౌన్లు, అంటే 11.2–11.3 కిలోలు: 8 వీశెలు ఒక మణుగు, వీశెకు 120 తులాలు. రైల్వే వాళ్ళు, బెంగాలు వైపు వర్తకులు వాడిన మణుగు 40 పక్కా సేర్లు, సుమారు 37.3 కిలోలు. ఒకే కొట్టులో కలకత్తా నుంచి రైలు మీద వచ్చిన సరుకు పెద్ద మణుగులో, ఊళ్ళో అమ్మిన బెల్లం చిన్న మణుగులో రాసి ఉండొచ్చు. సేరూ అంతే: మద్రాసు కచ్చా సేరు 24 తులాలు, పక్కా సేరు 80 తులాలు. అంటే 280 గ్రాములా, 933 గ్రాములా అన్న తేడా. ఏది వాడారో తేల్చడానికి మార్గం ఒకటే. అదే పుస్తకంలో మణుగు ధర, వీశె ధర రెండూ ఉన్న సరుకును వెతకండి. మణుగు ధర వీశె ధరకు ఎనిమిది రెట్లకు దగ్గరగా ఉంటే అది చిన్న మణుగు. ధాన్యం కొలతలైన కుంచం, అడ్డ, మానికల పరిమాణం ఊరూరికీ మారేది, కాబట్టి వాటిని కిలోల్లోకి మార్చే పని పెట్టుకోకండి. ఒకే ఊరి, ఒకే పుస్తకంలో ఏడాది తర్వాత ఏడాది పోల్చుకోవడం వరకే పనికొస్తాయి.

చిట్టా మొత్తం ఎత్తి రాయాలని కూర్చుంటే నెలలో విసుగొస్తుంది. ఒక్క ఏడాది తీసుకుని, అందులో కోతల తర్వాత వచ్చే పుష్యం ఒకటి, గాదెలు ఖాళీ అయ్యే ఆషాఢం ఒకటి, ఈ రెండు నెలలు మాత్రం పూర్తిగా ఎత్తండి. తిథి, మనిషి, సరుకు, కొలత, ధర, నగదా అప్పా అని ఆరు గళ్ళు చాలు. బియ్యం కొన్న ఇంటివాళ్ళు ఆషాఢంలో చోళ్ళు, గంటెలకు దిగడం, అప్పు పద్దులు పెరగడం, కంబారికి (పాలేరుకు) ఇచ్చే ధాన్యం నెల ముందే తీసుకోవడం ఈ రెండు నెలలు పక్కపక్కన పెడితేనే కనిపిస్తాయి. "రంగం నుంచి వచ్చిన సొమ్ము" అన్న పద్దులు తగిలితే వాటిని వేరే కాగితం మీద పెట్టుకోండి. గోపాలపురం రేవు నుంచి స్టీమరెక్కి రంగూన్ వెళ్ళిన కూలీల డబ్బు ఈ జిల్లాల పల్లెల్లో ఏం కొనిపెట్టిందో చెప్పే ఆధారాలు తక్కువ, ఇది వాటిలో ఒకటి.

ఈ పుస్తకాల్లో కనిపించనిది: కొట్టుకు రానివాళ్ళు. ధాన్యం ఇచ్చి ఉప్పు తీసుకునే మారకం కొన్నిసార్లు ఎక్కుతుంది, కొన్నిసార్లు ఎక్కదు. పెరట్లో కాసిన ఆనపకాయకూ అడవిలో ఏరుకున్న ఇప్పపువ్వుకూ పద్దు ఉండదు. కాబట్టి "చిట్టాలో కూరగాయలే లేవు, వీళ్ళు కూరలు తినేవాళ్ళు కారు" అని తేల్చెయ్యకండి.

రిజిస్టరు దస్తావేజులు

ఇంట్లో చిట్టా లేనివాళ్ళే ఎక్కువ. వాళ్ళకు మా మొదటి ఎంపిక సబ్ రిజిస్ట్రారు ఆఫీసు. చాలామంది దస్తావేజును ఆస్తి తగాదా కోసం మాత్రమే చూస్తారు. అందులో మొదటి అరపేజీ ఎప్పుడూ చదవరు. నిజానికి సరుకంతా అక్కడే ఉంటుంది: అమ్మినవాడి పేరు, తండ్రి పేరు, కులం, వృత్తి, ఊరు, ఆ తర్వాత ఎందుకు అమ్ముతున్నాడో. "మా కుమార్తె వివాహపు ఖర్చుల నిమిత్తం", "మా తండ్రి చేసిన ప్రామిసరీ నోటు బాకీ తీర్చు నిమిత్తం", "కుటుంబ పోషణ నిమిత్తం" అన్న మాటలు వరసగా ఇరవై దస్తావేజుల్లో చూస్తే ఒక ఊళ్ళో భూమి ఎందుకు చేతులు మారిందో తెలుస్తుంది. చెక్కుబందీలో నాలుగు హద్దులు చదివితే బావి, చింతచెట్టు, సాలెవీధి, వెలివాడ ఎక్కడున్నాయో పటం గీయొచ్చు. పసుపు కుంకుమల కింద కూతురికి రాసిన భూమి ఆడవాళ్ళ ఆస్తి గురించి చెప్పినంత గట్టిగా ఇంకే కాగితమూ చెప్పదు. చివర ఎవరు సంతకం చేశారు, ఎవరు నిశానీ పెట్టారు, ఎవరు వేలిముద్ర వేశారు అన్నది ఆ ఊరి చదువు లెక్క.

1908 రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం స్థిరాస్తి దస్తావేజులున్న ఒకటో పుస్తకాన్ని, దాని సూచికలను రుసుము కట్టి ఎవరైనా చూడవచ్చు. వీలునామాల మూడో పుస్తకంలోని నకళ్ళు రాసినవాళ్ళు బతికున్నంతకాలం వాళ్ళకే ఇస్తారు, వాళ్ళు పోయాక అడిగినవాళ్ళెవరికైనా ఇస్తారు. ఇతర పత్రాల నాలుగో పుస్తకం మాత్రం సంబంధం ఉన్నవాళ్ళకే. ముందు ఒకటో సూచిక అడగండి, అది మనుషుల పేర్ల వరసలో ఉంటుంది. రెండో సూచిక ఆస్తిని బట్టి ఉంటుంది. ఒక ఊరి బతుకు మొత్తం చూడాలంటే రెండోదే మేలు. సూచికలో దొరికిన సంపుటం, పేజీ, దస్తావేజు నంబరు, సంవత్సరం నాలుగూ రాసుకుని నకలుకు దరఖాస్తు పెట్టాలి. ఈ నాలుగింట్లో ఒకటి లేకపోయినా మళ్ళీ రమ్మంటారు. పేర్ల దగ్గర ఓపిక కావాలి. ఒకే మనిషి తెలుగు దస్తావేజులో అప్పలస్వామి, ఒడియాలో రాసిన దాంట్లో ఇంకో రూపం, ఇంగ్లీషు సూచికలో మూడో రూపం. ఇంటిపేరు ముందుందో వెనకుందో రెండు విధాలా వెతకాలి.

లోటు ఏమిటంటే, వంద రూపాయల లోపు ఆస్తి అమ్మకానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. అప్పట్లో వంద రూపాయలు చిన్న మొత్తం కాదు. కాబట్టి చిన్నరైతు, కూలి ఇక్కడ పెద్దగా కనిపించరు, కనిపించినా సాక్షిగానో హద్దుగానో. స్టాంపు ఖర్చు తగ్గించుకోవడానికి ధర తక్కువ వేయడం కూడా ఉంది, అందుచేత దస్తావేజు ధరను ఊరి భూమి ధరగా తీసుకోవద్దు. కారణాల విషయంలోనూ ఒక జాగ్రత్త: అవి లేఖరి అలవాటు మాటలు. ఒకే లేఖరి రాసిన పది దస్తావేజులూ "కుటుంబ పోషణ నిమిత్తం" అంటే అది ఊరి పేదరికం కాకపోవచ్చు, ఆయన కలం వాటం కావచ్చు. లేఖరి పేరు తప్పకుండా రాసుకోండి.

ఏజెన్సీ కొండ ఊళ్ళకు ఈ దారి అంతగా పనికిరాదు. 1839 చట్టంతో గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల కిందనుంచి తీసి గవర్నరు ఏజెంటు కింద పెట్టారు. అక్కడి తగాదాలు, అర్జీలు ఏజెంటు ఫైళ్ళలో ఉంటాయి, భువనేశ్వర్‌లోని ఒడిశా స్టేట్ ఆర్కైవ్స్‌లోనో చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లోనో వెతకాలి.

అడంగల్, సెన్సస్, పత్రిక

అడంగల్‌లో సర్వే నంబరు వారీగా ఏ పంట, ఎంత మేర, నీటి వనరు ఏది అని ఉంటుంది. ఊరంతా ఒక్కచోట చూడాలంటే బాగుంటుంది. కానీ ఇది రైతు నేరుగా ప్రభుత్వానికే శిస్తు కట్టే రైతువారీ ఊళ్ళకే. పర్లాకిమిడి, జయపురం లాంటి జమీందారీల్లో ఎస్టేటు సొంత లెక్కలే ఉండేవి. పైగా కరణం పొలానికి వెళ్ళకుండా నిరుటి అడంగలే మళ్ళీ ఎత్తి రాయడం మామూలు. రెండేళ్ళ అడంగళ్ళు వరసకు వరస ఒకేలా ఉంటే రెండోదాన్ని పక్కన పెట్టండి.

సెన్సస్ పట్టికల్లో ఇంటింటి పేర్లు దొరకవు, మొత్తాలే ఉంటాయి. భాష లెక్కల దగ్గర మరీ జాగ్రత్త. 1924లో ఫిలిప్, డఫ్‌ల విచారణ, 1931–32లో ఓడోనెల్ కమిటీ ఒడియా, తెలుగు ప్రాంతాల మధ్య సరిహద్దు గురించే జరిగాయి. ఎవరి భాష ఎంతమందిదో అన్నది అప్పుడు రాజ్యాల పంచాయితీ. ఆ కాలపు లెక్క మీద రెండు పక్కలా ఫిర్యాదులున్నాయి. ఇళ్ళ సంఖ్య, వృత్తుల కోసం చూడండి, తెలుగువాళ్ళు ఎంతమంది అన్నదానికి దాన్ని ఒక్కదాన్నే సాక్ష్యంగా పెట్టుకోకండి.

అచ్చు పట్టికల్లో ధరలు చూసేవాళ్ళు తరచూ పడే గుంట ఇంకొకటి ఉంది. పాత ప్రభుత్వ పట్టికల్లో బియ్యం ధర "రూపాయికి ఇన్ని సేర్లు" అని ఉంటుంది. అంకె పెరిగితే చవక, తగ్గితే కరువు. గ్రాఫు గీసి "1866లో ధర పడిపోయింది" అని రాసేస్తే, జనం ఆకలితో చచ్చిన ఏడాదిని చవక ఏడాదిగా చూపించినట్టే.

పత్రికలు 1866 కరువుకు, ఆ తర్వాత ప్రాంతీయ ఉద్యమాలకు పనికొస్తాయి. కటకంలో ఉత్కళ దీపిక 1866లో మొదలైంది, బరంపురంలో ఆశ 1913లో. వీటికి ఒడియా చదవడం రావాలి. రోజువారీ బతుకు కోసమైతే వార్తల కన్నా ప్రకటనల కాలమే ఎక్కువ చెబుతుంది.

చూసి రాసినవాళ్ళు

లెక్కల్లో దొరకనిది ఒకటుంది: దారి ఎలా ఉంది, సత్రంలో ఏం పెట్టారు, నీళ్ళు తియ్యనా ఉప్పనా. దీనికి ఏనుగుల వీరాస్వామి కాశీయాత్ర చరిత్ర. మద్రాసు సుప్రీం కోర్టులో ఇంటర్‌ప్రెటర్‌గా చేసిన ఆయన 1830 మేలో బయలుదేరి, 1831లో తిరుగు ప్రయాణంలో పూరీ మీదుగా ఈ తీరం వెంబడే దక్షిణానికి వచ్చారు. 1838లో అచ్చయింది. మన కాలానికి ముప్ఫై ఏళ్ళ ముందుదైనా, రైలు రాకముందు ఈ బాట గురించి తెలుగులో ఇంత వివరంగా రాసింది అరుదు. ఆయన పల్లకీలో, పెద్ద పరివారంతో వెళ్ళిన మనిషి అని గుర్తుంచుకుని చదవాలి. బస, వంట, నీళ్ళు, బ్రాహ్మణుల ఇళ్ళు ఆయన కంటికి ముందు ఆనుతాయి. పల్లకీ మోసిన బోయీల కంటికి అదే దారి వేరుగా ఉండేది, అది ఎవరూ రాయలేదు.

కొండల మీది సవరల గురించి అధికారులూ మిషనరీలూ రాసినవి చాలా ఉన్నాయి. వాటికన్నా ముందు గిడుగు రామమూర్తి పంతులు పని చూడండి. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ సవర భాష నేర్చుకున్నారాయన. 1931లో సవర వ్యాకరణం, 1938లో నిఘంటువు వచ్చాయి. నిఘంటువు చరిత్ర పత్రమేమిటి అనిపించవచ్చు. ధాన్యాలు, పనిముట్లు, పండగలు, చుట్టరికాలు వాళ్ళ మాటల్లోనే అందులో చేరాయి.

ఇళ్ళలో దొరికే ఉత్తరాలూ మనియార్డరు కూపన్లూ ఈ కోవలోవే. రంగూన్ నుంచి వచ్చిన ఉత్తరంలో "ఇక్కడ అంతా క్షేమం" అని ఉంటుంది, ఎలా ఉన్నా అలాగే ఉంటుంది. పైగా చాలావాటిని ఇంకొకరి చేత రాయించుకునేవారు. అందుచేత ఉత్తరంలో మాటల కన్నా కూపన్ల మీది మొత్తాలనూ తేదీలనూ నమ్మండి. వరస తప్పిన నెలలు ఉత్తరం దాచినది చెబుతాయి.

కోర్టు కాగితాల గురించి ఒక్క మాట. మనోవర్తి దావాల్లో భార్య తరఫున ఏడాదికి ఎంత బియ్యం, ఎన్ని చీరలు, ఎంత నూనె కావాలో లెక్క వేసేవారు. భర్త జవాబులో అదే లెక్క సగమయ్యేది. రెండూ అబద్ధమే కావచ్చు. అయినా ఒక ఇంటి అవసరం ఎంత అని అప్పటివాళ్ళు నమ్మించగలరనుకున్నారో ఆ రెండు అంకెల మధ్య ఉంటుంది.

తేదీలు కలపడం

రెండు కాగితాలు పక్కన పెట్టాలంటే ముందు సంవత్సరం తేలాలి. ఫసలీకి, అంటే కచేరీ కాగితాల్లోని శిస్తు సంవత్సరానికి, 590 కలపండి, మద్రాసులో అది జూలై నుంచి జూన్: ఫసలీ 1345 అంటే 1935 జూలై–1936 జూన్. అరవై ఏళ్ళ చక్రంలో పేరు ఒక్కటే ఉంటే ఆగండి. "ధాత" అంటే కరువు వచ్చిన 1876 కావచ్చు, ఒడిశా విడిపోయిన 1936 కావచ్చు. స్టాంపు కాగితం మీద విక్టోరియా బొమ్మ ఉందా, జార్జి బొమ్మ ఉందా చూస్తే తేలిపోతుంది. స్టాంపు లేని చిట్టాలో తిథి, వారం రెండూ ఉంటే స్వామికన్ను పిళ్ళె పంచాంగ పట్టికల్లో సరిచూడాలి. ఒడియా కాగితాల్లో గజపతుల (పూరీ రాజుల) అంకం ఉంటే అది ఏలుబడి ఏళ్ళ మామూలు లెక్క కాదు. ఒకటి ఉండదు, ఆరుతో ముగిసేవి ఉండవు, పది తప్ప సున్నాతో ముగిసేవీ ఉండవు. తొమ్మిదో అంకం అంటే నిజానికి ఏడో ఏడు. 1866 నాటి "న అంక" (తొమ్మిదో అంకం) కరువు పేరు అక్కడిదే.

తాటాకు కట్ట దొరికితే ముందు భాష, లిపి విడిగా చూసుకోండి. మాట తెలుగై, లిపి ఒడియా కావచ్చు. అక్షరాలు కనపడకపోతే తడిగుడ్డ పెట్టకండి, ఫ్లాష్ వెయ్యకండి. చీకటి గదిలో టార్చిని ఆకుకు ఒక పక్కనుంచి వాలుగా పట్టి ఫోటో తీస్తే గంటపు గీతలు నీడతో తేలుతాయి. మెత్తని కుంచెతో దుమ్ము దులపడం వరకే ఇంట్లో చేయాల్సింది. పెళుసెక్కిన ఆకును దారం నుంచి లాగితే చిల్లు దగ్గరే విరుగుతుంది. లామినేషన్ మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు, కాగితానికైనా సరే.

సెలవు ఎన్ని రోజులుంటే ఏది

ఆదివారం ఒక్కటే ఉంటే ఇంట్లో, మేనమామల ఇంట్లో పెట్టెలు చూడండి, చిట్టా దొరికితే అదే చాలు. రెండు పనిదినాలుంటే సబ్ రిజిస్ట్రారు ఆఫీసు, ఒక్క ఊరు, ఒక్క పదేళ్ళు. వారం ఉంటే ఛత్రపురం కలెక్టరేటు రికార్డు గది, తర్వాత భువనేశ్వర్. చెన్నై ప్రయాణం జమీందారీ తగాదా, కరువు, ఏజెన్సీ లాంటి ఒక్క విషయం తేల్చుకున్నాకే పెట్టుకోవాలి. అక్కడ బోర్డ్ ఆఫ్ రెవెన్యూ ప్రొసీడింగ్స్ సంవత్సరం, నెల చెప్పకుండా అడిగితే పని జరగదు. మీ పూర్వీకుల ఊరు ఇచ్ఛాపురం, మందస, పాతపట్నం వైపుదైతే కాగితాలు ఆంధ్ర పక్కన ఉండిపోయాయి. పర్లాకిమిడి జమీందారీని 1936లో రెండుగా పంచారు, ఒకే ఎస్టేటు కాగితాలు రెండు రాష్ట్రాల్లో ఉండొచ్చు. ఏ గదికి వెళ్ళినా దరఖాస్తులో ఇప్పటి బ్లాకు పేరుతో పాటు పాత తాలూకా, జమీందారీ పేర్లు కూడా రాయండి. కట్టల మీద ఉండేవి ఆ పేర్లే.